రెండు పరస్థానాలు

గడప దాటేసింది కాబట్టి ఇంట్లోకి వెళ్ళకూడదు, వర్జ్యం ఇంకా పోలేదు కాబట్టి వీధిలోకీ దిగకూడదు, అంచేత శ్రీసుధ అరుగు మీద కూర్చుంది. ఈ తీర్పు మామ్మది. ఆ ఇంట్లో మామ్మ చెప్పాక పైకోర్టు లేదు. కూర్చున్నది మనిషే గానీ మనసు ఒక చోట కూర్చుంటేనా! వీధి ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉంది. తూర్పు చివర, రాజమండ్రి బస్సులు ఆగే చోట, ఉదయ్‌భాస్కర్ మాస్టారింట్లో నాన్న పెట్టిన మూట ఉంది. పడమటి చివర, సిద్ధాంతం వంతెన మీదుగా తణుకు వెళ్ళే బస్సులు ఆగే చోట, లోవలక్ష్మి గారింట్లో అమ్మ పెట్టిన సంచీ ఉంది. రెంటికీ పసుపు రాసి ఉంది, రెండూ శ్రీసుధవే. మంచి రోజున మనిషి బయల్దేరడం కుదరకపోతే, ఆ ముహూర్తానికి సామానొకటి వెళ్ళే దిక్కున ఎవరింట్లోనైనా ఉంచితే బయల్దేరినట్టే లెక్క. తర్వాత వీలున్న రోజున వెళ్ళి, ఆ సామాను పుచ్చుకుని, ఇంటి మొహం చూడకుండా అటునుంచటే పోవడం. పరస్థానం పెట్టడమంటే అదే. కోనసీమలో ఇంటింటా ఉన్నదే. కానీ ఒకే పిల్లకి, ఒకే గురువారం పొద్దున్న, ఒకరికి తెలియకుండా ఒకరు, ఎదురెదురు దిక్కుల్లో రెండు పరస్థానాలు పెట్టిన తల్లిదండ్రులు మాత్రం రావులపాలెం మొత్తానికి వీళ్ళే అయ్యుంటారు.

సంగతి బయటపడింది ఇందాకే. వర్జ్యం రాకముందే గడప దాటమని మామ్మ తొందరపెడితే దాటింది, చెప్పుల్లో కాళ్ళు పెడుతోంది, లోపల ఫోన్ మోగింది. అవతలనుంచి లోవలక్ష్మి గారేమన్నారో గానీ, "మా అమ్మాయి సంచీ మీ ఇంట్లో ఎందుకుందండి?" అని నాన్న అడగడం మాత్రం అరుగు మీదికి శుభ్రంగా వినబడింది. ఆ తర్వాత ఇక చెప్పేదేముంది. "మీరు తణుకు బస్సెక్కిస్తున్నారనుకున్నానే!" అని అమ్మ. "నువ్వు రాజమండ్రికి సరేనన్నావనుకున్నానే!" అని నాన్న. "నేనెప్పుడన్నానూ?" "ఏమీ అనలేదు కదా మరి!" ఇదీ వరస. ఆ ఇంట్లో పోట్లాటలు గెలుపోటముల్తో అయిపోవు, ఎవరో ఒకరు నోరు మూసుకుంటే అయిపోతాయి. మూసుకున్నవాళ్ళు ఒప్పుకున్నారని రెండోవాళ్ళు అనుకుంటారు. ఇరవై ఏళ్ళ కాపురం ఇలాగే చేసుకొచ్చారు, ఇన్నాళ్ళూ చెల్లింది. చివరికి మామ్మ పూజ దగ్గర్నుంచే కేకేసింది: "ఒరేయ్ ప్రకాశం! ఒక పిల్లకి రెండు పరస్థానాలేంట్రా, దాన్ని నడిమికి చీలుస్తారా ఏంటి? వర్జ్యం పోయేదాకా ఆ రెండిళ్ళలో సామానూ ఎవరూ ముట్టుకోకండి. అదక్కడే కూచుంటుంది. పోయాక ఎటెళ్ళాలో అదే చెబుతుంది."

అదే చెబుతుందట. అదే కదా వచ్చిన చిక్కు. శ్రీసుధ మోకాళ్ళు దగ్గరికి లాక్కుని చున్నీ కొస వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. పడమట ఇంజనీరింగ్ సీటుంది, ఈసీఈ, ఊళ్ళో అందరూ విని కళ్ళు పెద్దవి చేసిన సీటు. తూర్పున గట్టు కాలేజీ ఉంది, రాజమండ్రి దాటాక గోదావరి గట్టునానుకుని, పెంకుటి కప్పుల కింద, మొత్తం కలిపితే తన జూనియర్ కాలేజీలో మూడు సెక్షన్లంత ఉండరు పిల్లలు. వాళ్ళ పుస్తకంలో లిబరల్ ఆర్ట్స్ అని వేశారు. చరిత్రా, సాహిత్యం, లెక్కలూ, మొక్కలూ అన్నీ అందరూ చదవాలట, ఏది నీదో రెండో ఏట తేల్చుకోవాలట. ఇవాళ సాయంత్రంలోగా ఎక్కడ చేరితే అది మిగులుతుంది, రెండోది పోతుంది. ఇంత తెలిసీ, గురువారం నాడు నాన్న పెరట్లోకి పిలిచి "గట్టు కాలేజీకేగా, తల్లీ?" అంటే ఊఁ అంది. అదే రోజు అమ్మ జడ వేస్తూ "బుద్ధిగా ఇంజనీరింగ్‌లో చేరతావుగా?" అంటే దానికీ ఊఁ అంది. ఇందులో వాళ్ళ తప్పెంత, తన తప్పెంత? ఆ ఊఁ అనే ముక్క ఎంత సుళువో! పెదవులు విప్పక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళు దాంతోనే గడిపేసింది, ఇవాళ పొద్దున్న కూడా గడప దాటేటప్పుడు, మెట్లు దిగాక చూద్దాంలే, కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు అనుకుంది. కాళ్ళకేం తెలుసమ్మా? సిగ్గు లేకపోతే సరి.

అరటి గెలలు కట్టిన సైకిళ్ళు మార్కెట్ యార్డుకి పోతున్నాయి. గెలల బరువుకి హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంటే మనిషి పక్కన నడుస్తూ అదిలిస్తున్నాడు. ఈ వీధి అంటే తనకి చచ్చేంత ఇష్టం, చచ్చేంత చిరాకూను. తుమ్మితే నాలుగో ఇంట్లోంచి చిరంజీవ అంటారు. ఇప్పుడు కూడా చూడు, ఎదురింటి పాపాయి గారు గుమ్మంలో నిలబడి బియ్యంలో లేని రాళ్ళు ఏరుతోంది. ఈ పిల్ల బయటెందుకు కూర్చుందో తెలుసుకోకుండా ఆవిడ అత్తెసరు పెట్టదు. గట్టు కాలేజీ కూడా ఇలాగే ఉంటే? రెండొందల మంది. ఎవరు ఎవరితో మాట్లాడారో, ఎవరు భోజనం మానేశారో, ఎవరికి మార్కులు తగ్గాయో అందరికీ తెలిసిపోదూ? చిన్న చోటంటే అందరికీ ముద్దే, అందులో ఉండేవాళ్ళకి తప్ప. ఇంజనీరింగ్ కాలేజీలో అయితే వేలమంది, ఆకు చాటు పిందెలా నాలుగేళ్ళు ఉండిపోవచ్చు. ఇంటర్ చదివిన హాస్టల్లో రెండేళ్ళు అలాగే ఉంది కదా. రెండేళ్ళూ వెనకనుంచి రెండో బెంచీ. వారం వారం గోడకి ర్యాంకులు అంటించేవారు, తన పేరు పైనా ఉండేది కాదు, కిందా ఉండేది కాదు, ఎవరి చూపూ ఆగని చోట ఉండేది. ఎంత హాయి! కాదు, హాయి అనకూడదు. రోజూ ఏడ్చిన పిల్లలు పక్క మంచాల మీద ఉండగా హాయి అనకూడదు. కానీ లెక్క తేలినప్పుడు మాత్రం నిజంగా హాయే. ఒక ఇంటిగ్రేషన్, పేజీ నిండా కొట్టివేతలు, ఎక్కడో ఒక మెలిక దొరికేది, దొరికాక మిగతాదంతా నీళ్ళలా జారిపోయి అడుగున చిన్న జవాబు. వెనక పేజీలు తిరగేస్తే అదే జవాబు. ఆ సంతోషం అబద్ధమా? లెక్కలంటే తనకి ఇష్టమేనే. నాన్నకి ఈ మాట చెబితే నమ్మడు. పిల్లని గానుగలో వేశారని ఆయన ఏడుపు. ఆయన దృష్టిలో గట్టు కాలేజీ అంటే మోక్షం.

ఆయన అక్కడికి ఏదో పని మీద వెళ్ళి లైబ్రరీ చూసొచ్చాడు, అంతే, పడిపోయాడు. జిల్లా పరిషత్ స్కూల్లో సోషల్ మాస్టారు, ముప్ఫై ఏళ్ళుగా అవే పాఠాలు, పిల్లలు నిద్రపోతే ఆయనా కుర్చీలో కళ్ళు మూసుకునే మనిషి, ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కలుపుతూ కలుపుతూ ఆపేసి, "కిటికీలోంచి గోదావరి కనబడుతుందే సీతా, చదువుకునే బల్ల మీదనుంచి" అన్నాడు. అమ్మ పట్టించుకోలేదు. "గోదావరి మనకి వంతెన మీంచీ కనబడుతుంది, చారు పోసుకోండి" అంది. తనకి నవ్వొచ్చింది, వెంటనే నాన్న మొహం చూసి జాలేసింది. ఇదిగో, ఇక్కడే ఉంది తిరకాసు. ఆ కాలేజీ కావాలనిపించేది తనకా, నాన్నకా? ఆయన మొహం చూస్తే తనకీ కావాలనిపిస్తుంది. అమ్మ మొహం చూస్తే వద్దనిపిస్తుంది. ఇద్దరి మొహాలూ కనబడకుండా ఇలా వీధి వైపు తిరిగి కూర్చుంటే అసలేమీ అనిపించదు. బస్సులు వెళ్ళిపోతాయి. మళ్ళీ ఉన్నాయిలే, బస్సులకేం. వర్జ్యం పోయాక ఏం చెప్పాలి? మామ్మ తలుపు దగ్గరికొచ్చి "ఊఁ, ఏంటే?" అంటే ఏమనాలి?

ఆ కాలేజీకి తనూ ఒకసారి వెళ్ళింది, నాన్నతో, చూసి రమ్మంటే. క్లాసులో కూర్చోమన్నారు. వెళ్ళి చూస్తే బెంచీలే లేవు. గుండ్రంగా కుర్చీలు. వెనక లేదు, చివర లేదు, ఎక్కడ కూర్చున్నా అందరికీ ఎదురే. అబ్రహాము గారని ఒక పెద్దాయన, తెల్ల లాల్చీ, కొత్తగా వచ్చిన పిల్ల కదా అని వదిలేయొచ్చుగా, వదలకుండా తన వైపే తిరిగి, "ఏ ఊరమ్మా?" అన్నారు. రావులపాలెమండి. "అయితే చెప్పు, ఆనకట్టా కాలువలూ రాకముందు మీ ఊళ్ళో జనం రోజూ ఏం తినేవారు?" ఇదేం ప్రశ్న! "అన్నమండి" అంది. "ఎలా తెలుసు?" ఎలా తెలియడమేంటి, చుట్టూ వరి చేలుంటే అన్నం కాక ఇంకేం తింటారు? ఎదురుగా కూర్చున్న పోతురాజు అనే కుర్రాడు, వాళ్ళది సముద్రం ఒడ్డున చేపల పల్లె అట, "చేలన్నీ కాలువలొచ్చాకే కదండి. మా వాళ్ళయితే చోళ్ళంబలి, అదే రాగంబలి, దాంతో చేపలూ అనే చెప్పుకుంటారండి" అన్నాడు. ఎవరో కాదన్నారు, ఎవరో జొన్నలన్నారు, గోదావరి లంకల్లో వేరన్నారు, గది గదంతా మాటలు. సరే, చివర్లో సారు జవాబు చెబుతారు కదా అని చూసింది. ఆయన నింపాదిగా, "నాకూ పూర్తిగా తెలీదు. వెతకాలి" అన్నారు! తెలీదట! తెలియకుండా అడగడమేంటి? బస్సులో ఇంటికొస్తూ ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి చోట చదివితే ఏమొస్తుంది, ప్రశ్నలొస్తాయి, ప్రశ్నలకి ఉద్యోగాలిస్తారా ఎవరైనా? నాన్న పక్కన కూర్చుని "ఎలా ఉంది, ఎలా ఉంది" అంటుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ అంది. బయట కాలువ. జొన్నాడ దాకా కాలువ, జొన్నాడ దాటాకా కాలువ. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న కాలువే, దాన్ని ఎవరో మనుషులు తవ్వారన్న సంగతి ఆ రోజే తట్టినట్టయింది. తవ్వకముందు ఇక్కడేముండేది? ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా మామ్మనడిగింది. మామ్మ మొదలుపెట్టింది, మొదలుపెడితే ఆపుతుందా. వాళ్ళ మామ్మ కాలంలో పెద్దవాళ్ళు చెప్పుకునేవారట, పెళ్ళిలో వరన్నం పెట్టిన ఇంటి గురించి ఊరంతా ఏడాది పాటు మాట్లాడుకునేవారట. ఆ రాత్రి భోజనాల దగ్గర తన కంచంలో అన్నం చూస్తుంటే ఏదో కొత్తగా, కొంచెం భయంగా కూడా అనిపించింది. ఇది ఎవరితోనూ అనలేదు. ఎవరితో అంటావ్, అన్నం చూస్తే భయమేసిందని?

"కాఫీ తాగు." అమ్మ. గ్లాసు అరుగు మీద పెట్టి, గడప అవతలే, ద్వారబంధానికి ఆనుకుని నిలబడింది. సీతారామలక్ష్మి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేస్తుంది. ఇవాళ సెలవు పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. శ్రీసుధ గ్లాసు పుచ్చుకుని ఊదుకుంటూ తాగింది. అమ్మ వెళ్తుందేమోనని చూసింది, వెళ్ళలేదు. "నాది బి.ఏ.నే, తెలుసుగా" అంది అమ్మ, వీధిలోకి చూస్తూ. "చరిత్రలో ఫస్టు క్లాసు. ఇంటర్వ్యూల్లో ఒక్కడు ఒక్క రాజు పేరు అడగలేదే. టైపు వచ్చా అన్నారు. టైపు రాబట్టి ఈ ఉద్యోగం, ఉద్యోగం ఉండబట్టి ఈ ఇంట్లో నా మాటకి పావలా విలువ. నువ్వు నాలాగా రాజుల పేర్లు పట్టుకుని తిరగకూడదనే నా బాధ. మీ నాన్నకేం, ఆయనకి కిటికీ కావాలి." అమ్మ చెప్పేది నిజం. నాన్న చెప్పేదీ నిజమే. అందరూ నిజాలే చెబితే ఇక మనిషి చచ్చిపోవాలి కాబోలు. పడమటి కాలేజీ గురించి ఆలోచిస్తే మొదటిరోజు నుంచి ఆఖరి రోజు దాకా కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది. మూడో ఏడాది రికార్డు, నాలుగో ఏడాది ప్రాజెక్టు, కాంపస్‌లో వచ్చే కంపెనీ, చున్నీకి పిన్ను పెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్ళడం, అమ్మ ఎక్స్ఛేంజిలో అందరికీ స్వీట్లు పంచడం, అన్నీ. తూర్పు వైపు ఆలోచిస్తే ఆ గుండ్రటి కుర్చీల దగ్గర ఆగిపోతోంది, ఆ పైన ఒక్క రోజు కూడా ఊహకి రావడంలేదు. కనబడే దారి ఉండగా కనబడని దారినెవడైనా వెళ్తాడా, బుద్ధున్నవాడు? సరే అయితే, తణుకు బస్సే. అమ్మ సంతోషిస్తుంది. నాన్న నాలుగు రోజులు మాట్లాడడు, ఐదో రోజు ఆయనే వస్తాడు. అయిపోయింది. అనుకుని, గ్లాసు కింద పెట్టి, ఆ మాట అమ్మతో అనబోయింది.

"పొద్దున్నే ఫోన్ చేశానే" అంది అమ్మ. "ఎవరికి?" "ఆ గట్టు కాలేజీకి. మీ నాన్న స్నానానికెళ్ళినప్పుడు. మా అమ్మాయి రాదండి, సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోండి అని చెప్పేశాను."

ఏమైందో శ్రీసుధకి తెలీదు. ఇప్పుడే కదా తనే వద్దనుకుంది, మరి ఇదేంటి? ఇచ్చేసి ఉంటారు. ఆ గుండ్రంలో ఒక కుర్చీ, ఇంకెవరో కూర్చుంటారు, ఇంకెవరో పిల్ల వచ్చి అన్నమండి అంటుంది, సారు ఎలా తెలుసంటారు, వాళ్ళందరూ కలిసి వెతుకుతారు, దొరుకుతుంది వాళ్ళకి, తనకి తెలీకుండానే దొరికిపోతుంది. నాది కదా అది! నన్నడిగిన ప్రశ్న కదా! నాన్నది కాదు, ఆయన ఆ గదిలో లేడు, బయట చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. అమ్మదీ కాదు. కళ్ళల్లోకి నీళ్ళొచ్చేశాయి, వాటి వెనకే కోపం, తనకే భయమేసేంత కోపం. లేచి నిలబడింది. "ఎవరు చెప్పమన్నారమ్మా నిన్ను? నేను రానని నేను చెప్పానా? నాతో ఒక్కమాట అనకుండా నా మాట నువ్వెలా చెబుతావు?" ఎదురింట్లో బియ్యం చేట ఆగిపోయింది. లోపల నాన్న కుర్చీ జరిగిన చప్పుడైంది. శ్రీసుధ గొంతు అంత గట్టిగా ఆ వీధిలో ఎవరూ వినలేదు, శ్రీసుధతో సహా.

అమ్మ అదిరిపడలేదు. ఎర్రటి కళ్ళతో అలాగే చూస్తోంది. అబద్ధం ఆవిడకి చేతకాదు. కావాలంటే అక్కడితో ఊరుకోవచ్చు, సీటు పోయిందనే అనుకుని ఈ పిల్ల ఏడ్చి ఏడ్చి తణుకు బస్సెక్కేది. కానీ ఊరుకోలేదు. "వాళ్ళు ఒప్పుకోలేదే" అంది. "ఆ మాట అమ్మాయినే చెప్పమనండమ్మా అన్నారు. సాయంత్రం దాకా చూస్తామన్నారు. రానంటే తనే రానని చెప్పాలట, వస్తానంటే తనే రావాలట. తల్లిని నేను చెబుతుంటే!" ఆ చివరి మాట దగ్గర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

శ్రీసుధ చెప్పులేసుకుంది. "ఒసే, ఇంకా వర్జ్యం పోలేదే!" అని మామ్మ లోపల్నుంచి. వినబడింది, ఆగలేదు. మెట్లు దిగి పడమరకి తిరిగింది. వెనక్కి చూడలేదు గానీ, నాన్న గుమ్మంలోకి వచ్చి ఉంటాడని, తను అటు తిరగడం చూసి ఉంటాడని తెలుసు, ఆయన మొహం ఎలా ఉండి ఉంటుందో కూడా తెలుసు. ఉండనీ. పాపాయి గారు "ఎటే అమ్మాయ్?" అంది. "ఇటేనండి" అంది. లోవలక్ష్మి గారు ఎదురొచ్చి, "హమ్మయ్య, వచ్చావా తల్లీ, ఇంకో బస్సుందిలే" అంటూ సంచీ తెచ్చి ఇచ్చారు. లోపల కొత్త డ్రెస్సులు రెండు, మడత మీద పసుపు. ఆ మడతలు అమ్మ చేతివి, మూల మూలకీ సరిగ్గా కలిసి ఉన్నాయి. సంచీ భుజాన వేసుకుని "వస్తానండి" అని, బస్సు వైపు కాకుండా వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. లోవలక్ష్మి గారు నోరు తెరుచుకుని ఉండిపోయారు. పరస్థానం సామాను పుచ్చుకున్న మనిషి మళ్ళీ సొంతింటి ముందునుంచి నడిచి వెళ్ళడం అప్పటిదాకా ఆ వీధిలో జరిగి ఉండదు.

ఇంటి ముందుకి వచ్చేసరికి ముగ్గురూ అరుగు మీద ఉన్నారు. మామ్మ చేతులు రెండూ నెత్తిన పెట్టుకుంది. శ్రీసుధ ఆగి, వాళ్ళ వైపు తిరిగి, "నేను గట్టు కాలేజీకి వెళ్తున్నాను" అంది. "నాన్న చెప్పాడని కాదు. ఆయన కిటికీ సంగతి నాకు తెలీదు. అక్కడ నాకు నచ్చుతుందో లేదో కూడా తెలీదు. నచ్చకపోతే నేనే చెబుతాను, నచ్చలేదని." తూర్పుకి నడిచింది.

నాలుగిళ్ళు దాటాక వెనక చెప్పుల చప్పుడు వినబడింది. నాన్న అనుకుంది. అమ్మ. వచ్చి పక్కన నడిచింది. ఉదయ్‌భాస్కర్ మాస్టారి గుమ్మం దగ్గర శ్రీసుధ ఆగబోతే, "నువ్వుండు" అని తనే మెట్లెక్కి లోపలికి వెళ్ళి, మొగుడు కట్టిన మూట పుచ్చుకుని బయటికొచ్చింది. "ఇది కట్టడమేనా, దారిలోనే ఊడిపోతుంది" అని గొణుక్కుంటూ అక్కడే మెట్టు మీద కూర్చుని ముడి విప్పింది, పుస్తకాలు సరిగ్గా పేర్చింది, మళ్ళీ గట్టిగా ముడేసి కూతురి చేతికిచ్చింది. "నాకైతే నమ్మకం లేదే" అంది. "నాకూ భయంగానే ఉందమ్మా" అంది శ్రీసుధ. వీధి మధ్యలో నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ గబగబా వస్తున్నాడు. జొన్నాడ వైపు వెళ్ళే బస్సు మార్కెట్ మలుపు తిరిగింది. ఆ స్టాపులో కండక్టరు ఆపితే ఆపుతాడు, లేకపోతే లేదు. శ్రీసుధకి రెండు చేతులూ ఖాళీ లేవు. సీతారామలక్ష్మి రోడ్డు మీదికి దిగి, బస్సుకి చెయ్యెత్తింది.